కంప్యూటరు తెర వెనుక: నేపథ్య ప్రక్రియలు – ఇంటర్నెట్ వినియోగము

కంప్యూటరు మనం చెప్పిన పనిని చేస్తుందని అందరూ ఎరుగుదురు. మనం చెప్పని పనులను కూడ అది చేస్తున్నదా, చేస్తే వాటికయ్యే ఖర్చు ఎవరిది అనే ప్రశ్న మాత్రం మనలో చాలామందికి తోచదు. మాకు కూడ తోచలేదు. కళాశాలలో తెలుగు బోధించే మాకు కంప్యూటరు అంటే ప్రశ్నపత్రాలు టైపు చేసుకొనే యంత్రమే. అట్టి మేము ఈ విషయం మీద వ్యాసం వ్రాయడానికి కారణం మా పాండిత్యం కాదు. మేము చేసిన ఒక పొరపాటు. ముందు ఆ సంగతి చెప్పి, పిమ్మట దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని మా విద్యార్థులకు అర్థమయ్యే రీతిలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక చివరి తేదీ

కొన్ని సంవత్సరాల క్రిందటి మాట. స్కాలర్‌షిప్ దరఖాస్తులకు అది చివరి రోజు. ఆ పని పర్యవేక్షణ మాకు అప్పగించబడినది. ల్యాబులో ఇరవై నాలుగు కంప్యూటర్లు. వాటి ముందు విద్యార్థినీ విద్యార్థులు. వారి చేతులలో ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, మార్కుల జాబితాలు, బ్యాంకు పాసు పుస్తకాలు. ఫారం నింపడం వరకు పని బాగానే సాగుతున్నది. స్కాను చేసిన పత్రాలను పంపే మెట్టు వద్దకు రాగానే తెర మీద చక్రం తిరిగి తిరిగి, చివరకు మొదటి పేజీకి తిరిగి వస్తున్నది. ఉదయం పది గంటలకు కూర్చున్నవారు మధ్యాహ్నం పన్నెండు గంటలకు కూడ అక్కడే ఉన్నారు. ఆ డబ్బు వస్తేనే ఫీజు కట్టగలిగేవారు వారిలో సగం మంది.

ల్యాబు మూలన ఒక డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి కూర్చుని ఉన్నాడు. సినిమాల పిచ్చి ఉన్నవాడని అతనికి పేరు. "నీవు సినిమాలు దించుకుంటుంటే వీళ్ల ఫారాలు ఎట్లా పోతాయి?" అని మేము అందరి ముందు గద్దించి, అతనిని లేపి వరండాలో నిలబెట్టాము. "లేదు సార్, నా ఫారమే ఇంకా పోలేదు" అని అతడు అన్నాడు. మేము వినిపించుకోలేదు. అతడు బయటకు వెళ్లిన తరువాత కూడ చక్రాలు తిరుగుతూనే ఉన్నవి.

రెండు గంటల ప్రాంతంలో ల్యాబు సహాయకుడు, గోడకు బిగించిన స్విచ్ పెట్టెను పరిశీలించి, "సార్, అన్ని దీపాలూ ఆగి ఆగి వెలుగుతున్నాయి, ఈ ఒక్కటి మాత్రం క్షణం ఆగడం లేదు" అన్నాడు. ఆ దీపం క్రింది తీగను పట్టుకొని వెళ్లగా అది ల్యాబులోని ఏ యంత్రానికీ చేరలేదు. వరండా దాటి మా తెలుగు శాఖ గదిలోనికి వెళ్లినది. అక్కడ కుర్చీ ఖాళీగా ఉన్నది. కంప్యూటరు మాత్రం నడుస్తున్నది. ముందటి సాయంత్రం వార్షికోత్సవపు ఫోటోలు, వీడియోలు దాదాపు 9 గిగాబైట్ల మేర దానిలోని ఒక ఫోల్డరులో మేమే స్వయంగా చేర్చాము. ఆ ఫోల్డరులో ఏది వేసినా దాని నకలును దూరాన ఉన్న సర్వరులో భద్రపరచే ఏర్పాటు దానికి ఉన్నది. ఉదయం గది తెరచి యంత్రాన్ని నడిపించినది మేమే. అది మొదలు ఆ యంత్రం ఎవరికీ చెప్పకుండా ఆ తొమ్మిది గిగాబైట్లను పైకి పంపుతూ ఉన్నది.

ఆ పనిని ఆపిన కొద్ది నిమిషాలకే ఫారాలు ఒకటొకటిగా పోవడం ప్రారంభమైనది. ఇది ఎట్లు జరిగినదో తెలుసుకొనవలెనంటే ముందు రెండు మాటలకు అర్థం తెలియవలెను: నేపథ్య ప్రక్రియ, బ్యాండ్‌విడ్త్.

నేపథ్య ప్రక్రియ అనగా ఏమి?

నేపథ్యం అనే మాట నాటక శాస్త్రానిది. రంగస్థలం మీద తెర వెనుక, నటులు వేషం ధరించే చోటును నేపథ్యం అంటారు. ఉర్దూలో ఇదే భావానికి పస్-ఎ-పర్దా అనే మాట ఉన్నది. ప్రేక్షకునికి కనిపించేది తెర ముందు నటుడు ఒక్కడే. అతని వెనుక దీపాలు వేసేవారు, తెర లాగేవారు, వేషాలు అందించేవారు ఎందరో పనిచేస్తూ ఉంటారు. కంప్యూటరు విషయం కూడ అంతే.

ప్రోగ్రాము వేరు, ప్రక్రియ వేరు. కాగితం మీద వ్రాసుకొన్న బిర్యానీ విధానం ప్రోగ్రాము వంటిది. పొయ్యి మీద దమ్ అవుతున్న బిర్యానీ ప్రక్రియ వంటిది. ఆదేశాలు అమలులో ఉన్న స్థితికే ప్రక్రియ అని పేరు. మనం ఏ కిటికీని తెరవకుండా, ఊరికే యంత్రాన్ని నడిపించి ఉంచినా, నేటి కంప్యూటరులో వందకు పైగా ప్రక్రియలు నడుస్తూ ఉంటాయి. గడియారం సరిచేసేది ఒకటి, ప్రింటరును కనిపెట్టి ఉండేది ఒకటి, వైరస్‌ల కొరకు వెదికేది మరొకటి. వీటిలో అధిక భాగం ఇంటర్నెట్ జోలికి పోవు. కొన్ని మాత్రం పోతాయి. మన చర్చ వాటిని గురించియే.

ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1963లో ప్రాజెక్ట్ మాక్ అనే పరిశోధన ప్రారంభమైనది. ఒకే పెద్ద కంప్యూటరును అనేకులు ఏకకాలంలో వాడుకొనే విధానాన్ని రూపొందించడం దాని లక్ష్యాలలో ఒకటి. అక్కడి శాస్త్రజ్ఞులు, తెర వెనుక ఎడతెగక పనిచేసే ప్రోగ్రాములకు డీమన్ అని పేరు పెట్టారు. దయ్యం అనే అర్థంలో కాదు. పందొమ్మిదవ శతాబ్దపు భౌతికశాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒక ఊహా ప్రయోగం చేశాడు. ఒక చిన్న తలుపు వద్ద కూర్చుని, వేగంగా పోయే వాయు అణువులను ఒక వైపునకు, మెల్లగా పోయేవాటిని మరొక వైపునకు వేరు చేసే అదృశ్య జీవి ఒకటి ఉన్నదని ఊహించాడు. కనిపించకుండా, అలసిపోకుండా పనిచేసే ఆ జీవి పేరునే కంప్యూటరు శాస్త్రజ్ఞులు తీసుకొన్నారు. యూనిక్స్, లినక్స్ యంత్రాలలో నేటికీ అదే పేరు. విండోస్‌లో వీటిని సర్వీసులు అంటారు.

కనుక నేపథ్య ప్రక్రియ దొంగ కాదు. మనం నియమించిన సేవకుడే. అయితే, మనం చూడని సేవకుడు యజమాని సంపాదన ఎంతో ఎరుగక ఖర్చు చేస్తాడు.

బ్యాండ్‌విడ్త్ అనే కాలువ

బ్యాండ్‌విడ్త్ అనే మాట మొదట రేడియో ఇంజనీర్లది. ఒక తరంగపుంజపు వెడల్పును అది సూచించేది. కంప్యూటరు వ్యవహారంలో దానికి ఒక మార్గం గుండా సెకనుకు ఎంత సమాచారం పోగలదు అని అర్థం. దీనిని బిట్లలో కొలుస్తారు. మనం దాచుకొనే ఫైళ్లను మాత్రం బైట్లలో కొలుస్తారు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. ఈ ఎనిమిదిని మరచినందువలననే చాలామంది లెక్క తప్పుతారు. 16 మెగాబిట్ల లైను అంటే సెకనుకు 2 మెగాబైట్లు మాత్రమే.

ఇంకొక సంగతి. టెలిఫోను తీగ మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్‌లో, క్రిందికి దించుకొనే దారి వెడల్పు, పైకి పంపే దారి ఇరుకు. మన కళాశాల లైను నాడు దించుకొనుటకు 16 మెగాబిట్లు, పంపుటకు 1 మెగాబిటు. ఇక లెక్క చూడండి. 9 గిగాబైట్లు అనగా 72,000 మెగాబిట్లు. సెకనుకు ఒకటి చొప్పున పంపవలెనంటే 72,000 సెకన్లు, అనగా సరిగా 20 గంటలు. ఎవరూ లేని గదిలోని ఒక్క యంత్రం కళాశాల మొత్తానికి ఉన్న ఇరుకు దారిని ఇరవై గంటలు మూసివేయుటకు సిద్ధమైనది. ఆ దారి గుండానే రెండు వందల ఫారాల స్కాను ప్రతులు పోవలెను.

కాలువ క్రింద సేద్యం చేసే కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులకు ఇది వివరించనవసరం లేదు. పై పొలం వారు రాత్రి తూము తెరచి మరచిపోతే చివరి ఆయకట్టుకు నీరందదు. కాలువ చిన్నదని కాదు; తూము ఎవరిది తెరచి ఉన్నదో ఎవరూ చూడలేదని.

పంపే దారి నిండితే, దించుకొనే దారి ఖాళీగా ఉన్నా పేజీలు తెరుచుకోవు. దీనికి కారణం తెలుసుకొనదగినది. ఇంటర్నెట్‌లో సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. ఇవి ప్యాకెట్లు. ఇవి అందినట్లు, అందుకొన్న యంత్రం పంపిన యంత్రానికి రశీదు పంపవలెను. పూర్వం మన తపాలా శాఖ రిజిస్టర్డ్ ఉత్తరానికి అక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగి వచ్చినట్లే. ఆ రశీదు రానిదే అవతలి యంత్రం తరువాతి పొట్లాలను ధారాళంగా పంపదు. మన వైపు నుండి పోయే దారి ఫోటోలతో నిండి ఉన్నప్పుడు ఈ చిన్న రశీదులు కూడ వరుసలో నిలబడవలసి వస్తుంది. రశీదు ఆలస్యమైతే పేజీ ఆలస్యమవుతుంది.

రద్దీ వలన మార్గం స్తంభించిన ఉదంతాలు ఇంటర్నెట్ బాల్యదశలోనే ఉన్నవి. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో, లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకు, బర్కిలీ విశ్వవిద్యాలయానికి మధ్యనున్న మార్గంలో వేగం సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయినది. ఆ రెండు చోట్ల మధ్య దూరం సుమారు 400 గజాలు మాత్రమే. పొట్లం అందలేదనుకొని ప్రతి యంత్రమూ దానినే మరల మరల పంపినందువలన రద్దీ మరింత పెరిగినది. వాన్ జాకబ్సన్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి, రద్దీ కనిపించినప్పుడు ప్రతి యంత్రమూ వెనుకకు తగ్గే పద్ధతిని 1988లో ప్రకటించాడు. నేడు ఇంటర్నెట్ నిలిచి ఉండుటకు ఆ పద్ధతి ఒక ముఖ్య కారణం. ఎవరికి వారు తొందరపడితే అందరికీ ఆలస్యమనే నీతిని ఆ నాలుగు వందల గజాల మార్గం నేర్పినది.

ఖర్చు చేసేవారు ఎవరెవరు?

తెర వెనుక ఇంటర్నెట్‌ను వాడే ప్రక్రియలను ఈ విధంగా విభజించవచ్చును.

మొదటిది, నవీకరణలు. ఆపరేటింగ్ సిస్టమ్ తన లోపాలను సరిదిద్దుకొనే భాగాలను దించుకొంటుంది. విండోస్ నవీకరణలు సాధారణంగా ప్రతి నెలా రెండవ మంగళవారం అమెరికాలో విడుదల అవుతాయి. మన దేశానికి అవి ఆ రాత్రికో మరునాటికో చేరుతాయి. వీటి పరిమాణం కొన్ని వందల మెగాబైట్ల నుండి కొన్ని గిగాబైట్ల వరకు ఉంటుంది. సెలవుల తరువాత ల్యాబు తెరచిన రోజున ఇంటర్నెట్ నత్తనడక నడవడానికి రహస్యం ఇదే. ఇరవై నాలుగు యంత్రాలు ఒక్కొక్క గిగాబైటు దించుకొన్నా, 16 మెగాబిట్ల లైను మీద 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. ఆ మూడు గంటలలో ఎవరి ప్రాక్టికల్ తరగతి ఉన్నదో వారికి చదువు లేదు.

రెండవది, క్లౌడ్ నిల్వ. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ మొదలైనవి ఒక ఫోల్డరును కనిపెట్టి ఉండి, దానిలో మార్పు జరిగినప్పుడెల్లా నకలును పైకి పంపుతాయి. మిగిలిన వాటిలో చాలా భాగం దించుకొనేవి. ఇవి పైకి పంపేవి. ఇరుకు దారిని వాడేవి గనుక వీటి వలన కలిగే ఇబ్బంది పరిమాణానికి మించి ఉంటుంది. మా కథలోని పాత్ర ఇదే.

మూడవది, బ్రౌజరు. తెరచి మరచిన పేజీలు వాటంతట అవే తాజా అవుతూ ఉంటాయి. వీడియోలు నొక్కకుండానే ఆడుతూ ఉంటాయి. కొన్ని బ్రౌజర్లు కిటికీ మూసిన తరువాత కూడ నేపథ్యంలో నడుస్తూ ఉండే వీలు కలిగి ఉన్నవి. మూసితిమి గదా అని మనం అనుకొంటాము.

నాల్గవది, వైరస్ నిరోధక ప్రోగ్రాములు, సందేశ ప్రోగ్రాములు, ఆటల ప్రోగ్రాములు. మొదటివి రోజుకు ఎన్నోసార్లు తమ పట్టికను తాజా చేసుకొంటాయి, అది స్వల్పం. ఆటల నవీకరణలు అనేక గిగాబైట్లు కావచ్చును.

అయిదవది, టొరెంట్ వంటి పంపకపు ప్రోగ్రాములు. తాను దించుకొన్న దానిని ఇతరులకు పంచిపెట్టడం వీటి స్వభావం. మన పని అయిన తరువాత కూడ కిటికీ చాటున పంచుతూనే ఉంటాయి.

ఆరవది మాత్రమే నిజమైన శత్రువు. మన అనుమతి లేకుండా ప్రవేశించి, మన యంత్రం నుండి ఇతరులకు చెత్త ఉత్తరాలు పంపేవి, ఇతర యంత్రాల మీద దాడి చేసేవి ఈ కోవలోనివి. ఇంటర్నెట్ మందగించగానే వైరస్ అని భయపడడం మనకు అలవాటు. తరచుగా కారణం మొదటి అయిదింటిలో ఒకటిగా ఉంటుంది. కాని పరిశీలించకుండా ఇటు భయపడడం గాని, అటు నిశ్చింతగా ఉండడం గాని తగదు.

చూడడం ఎట్లు?

అనుమానించే ముందు చూడవలెను. దీనికి కంప్యూటరు శాస్త్రంలో పట్టా అవసరం లేదు. విండోస్ యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. అందులో నెట్‌వర్క్ అనే నిలువు వరుస ఉంటుంది. దాని తల మీద నొక్కితే ఎక్కువ వాడుతున్న ప్రక్రియ పైకి వస్తుంది.

ఇంకా వివరంగా కావలెనంటే రిసోర్స్ మానిటర్ అనే పరికరం విండోస్‌లోనే ఉన్నది. స్టార్ట్ వద్ద ఆ పేరు టైపు చేసి తెరచి, నెట్‌వర్క్ అనే విభాగాన్ని ఎంచుకొనవలెను. ప్రతి ప్రక్రియ ఎదుట, అది సెకనుకు ఎన్ని బైట్లు పంపుతున్నదో, ఎన్ని అందుకొంటున్నదో వేర్వేరుగా కనిపిస్తుంది. పంపే వరుసను, అందుకొనే వరుసను విడివిడిగా చదవండి. ఇవి బైట్లు గనుక లైను వేగంతో పోల్చేటప్పుడు ఎనిమిదితో గుణించడం మరువరాదు. సెకనుకు 1,20,000 బైట్లు పంపుతున్నట్లు కనిపిస్తే, 1 మెగాబిటు దారి దాదాపు నిండినట్లే. ఆ నాడు మా గదిలోని యంత్రం తెర మీద కనిపించినది ఇంచుమించు ఇటువంటి అంకెయే.

ఈ జాబితాలో ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు పలుమార్లు కనిపించి క్రొత్తవారిని భయపెడుతుంది. అది వైరస్ పేరు కాదు. విండోస్ సర్వీసులకు ఆశ్రయమిచ్చే గూడు వంటిది. పూర్వం ఒక్కొక్క గూటిలో అనేక సర్వీసులు కలిసి ఉండేవి. 2017లో వచ్చిన విండోస్ 10 మార్పు తరువాత, తగినంత మెమరీ గల యంత్రాలలో ఇవి చాలావరకు వేరువేరు గూళ్లలో ఉంటున్నవి. కనుక ఏ సర్వీసు ఖర్చు చేస్తున్నదో గుర్తించడం సులభమైనది. అయితే మోసపు ప్రోగ్రాములు కూడ ఇట్టి పరిచిత నామాలను ధరించవచ్చును గనుక, అది ఏ ఫోల్డరు నుండి నడుస్తున్నదో చూడడం మంచిది.

ఒక్క యంత్రాన్ని చూసి తీర్పు చెప్పరాదు. లైను ఉమ్మడిది. మన యంత్రం నిర్దోషి అయినా ప్రక్క గదిలోనిది కాకపోవచ్చును. స్విచ్ మీది దీపాలు, రూటరులోని జాబితా మొత్తం ఇంటి లెక్కను చెబుతాయి. మేము ఇరవై నాలుగు యంత్రాలను అనుమానించి, ఇరవై అయిదవ దానిని మరచాము. అది మాది గనుక.

ఆపదగినవి, ఆపరానివి

ఇంత చదివిన తరువాత కొందరు విద్యార్థులు నవీకరణలన్నిటినీ శాశ్వతంగా ఆపివేయుదమని అనుకొనవచ్చును. అది పెద్ద ప్రమాదం. రెండు ఉదాహరణలు చాలును.

2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు ఇంటర్నెట్ మీద వ్యాపించినది. దాని పరిమాణం 376 బైట్లు మాత్రమే. తెలుగులో నాలుగైదు వాక్యాలపాటి కూడ లేదు. ప్రారంభంలో అది సోకిన యంత్రాల సంఖ్య సుమారు ఎనిమిదిన్నర సెకన్లకు ఒకసారి రెట్టింపు అయినది. పది నిమిషాలలో, సోకడానికి అవకాశమున్న యంత్రాలలో నూటికి తొంభైకి పైగా దాని వాత పడినవి. అది ఫైళ్లను చెరపలేదు, ఏమీ దొంగిలించలేదు. తన నకళ్లను పంపుతూ బ్యాండ్‌విడ్త్‌ను మ్రింగివేసినది, అంతే. ఆ మాత్రానికే అమెరికాలో కొన్ని బ్యాంకుల నగదు యంత్రాలు నిలిచిపోయినవి, విమానాలు ఆలస్యమైనవి. విచారించదగిన విషయం ఏమనగా, ఆ లోపాన్ని సరిదిద్దే నవీకరణ 2002 జూలైలోనే, అనగా ఆరు నెలల ముందే విడుదలైనది. వేసుకొనవలసినవారు వేసుకోలేదు.

2017 మే 12న వన్నాక్రై దాడి జరిగినది. యంత్రాలలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన దాడి అది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు విభాగాల కంప్యూటర్లు కూడ దీనికి గురైనట్లు నాటి పత్రికలలో వచ్చినది. దానికి విరుగుడు కూడ రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చి ఉన్నది. కాబట్టి నవీకరణ మన శత్రువు కాదు. వేళ కాని వేళ రావడమే ఇబ్బంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రాలు గల కళాశాలలు ఈ సంగతిని గమనించవలెను.

వేళను నిర్ణయించడం మన చేతిలో ఉన్నది. విండోస్ అప్‌డేట్‌ను కొన్ని వారాలపాటు వాయిదా వేయవచ్చును. ఒక నెట్‌వర్కును మీటర్డ్, అనగా లెక్క గలది అని గుర్తు పెడితే, యంత్రం పెద్ద డౌన్‌లోడులను చాలావరకు తగ్గించుకొంటుంది. డెలివరీ ఆప్టిమైజేషన్ అనే ఏర్పాటులో, ఒక యంత్రం దించుకొన్న నవీకరణను అదే ల్యాబులోని ఇతర యంత్రాలు దాని వద్ద నుండి పంచుకొనేటట్లు చేయవచ్చును. వేగానికి పరిమితి కూడ విధించవచ్చును. క్లౌడ్ ప్రోగ్రాములలో తాత్కాలికంగా ఆపే మీట, పంపే వేగానికి హద్దు పెట్టే వీలు సాధారణంగా ఉంటాయి. యాక్టివ్ అవర్స్ అనే ఏర్పాటును మాత్రం చాలామంది అపార్థం చేసుకొంటారు. పని గంటలలో యంత్రం తనంతట తాను పునఃప్రారంభం కాకుండా అది ఆపుతుంది గాని, డౌన్‌లోడును ఆపదు.

యంత్రమే మర్యాద పాటించరాదా అని అడగవచ్చును. ఆ ప్రయత్నం జరిగినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఒక సర్వీసు వచ్చినది. మనం వాడని వేళ మిగిలిన బ్యాండ్‌విడ్త్‌తో మాత్రమే మెల్లగా దించుకొనడం దాని పద్ధతి. మంచి పద్ధతియే. కాని అది ప్రధానంగా తన యంత్రపు వాకిలి వద్ద రద్దీని చూసి అంచనా వేస్తుంది. ఉమ్మడి లైనులో ప్రక్క విద్యార్థి పడే పాట్లు దానికి తెలియవు. తన వాకిలి ఖాళీగా ఉన్నది గనుక వీధి అంతా ఖాళీ అనుకొంటుంది. యంత్రానికి లేని ఆ దృష్టిని మనిషి కలిగి ఉండవలెను.

జేబులోని కంప్యూటరు

మన విద్యార్థులలో చాలామందికి ఇంటర్నెట్ అంటే చేతిలోని ఫోనే. రోజుకు ఇంత అని పరిమితి గల ప్యాకుతో వారు చదువు, దరఖాస్తు, వినోదం అన్నీ గడుపుకొంటారు. ఫోనును హాట్‌స్పాట్‌గా చేసి ల్యాప్‌టాప్‌కు ఇచ్చినప్పుడు, ల్యాప్‌టాప్ దానిని హద్దులేని వై-ఫై అని భావించవచ్చును. ఒక నవీకరణ సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున దించుకొంటే, 2 గిగాబైట్ల ప్యాకు 53 నిమిషాలలో ఆవిరి అవుతుంది. రోజు ప్యాకు ఏమైనదో తెలియక విద్యార్థి ఫోనును నిందిస్తాడు. ఇంటిలో తండ్రి విద్యార్థిని నిందిస్తాడు. కనుక హాట్‌స్పాట్‌కు కలిపిన వెంటనే దానిని మీటర్డ్ అని గుర్తు పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోనులో 2016 నుండి డేటా సేవర్ అనే ఏర్పాటు ఉన్నది. దానిని నడిపిస్తే నేపథ్య వినియోగం తగ్గుతుంది. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపవచ్చును.

ముగింపు

మన దేశంలో 1995 ఆగస్టు 15న సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోనికి వచ్చినది. ఆ కాలంలో టెలిఫోను తీగకు మోడెమ్ తగిలించి డయల్ చేస్తేనే కలిసేది; అది కూసిన శబ్దం ఇల్లంతా వినిపించేది. మీటరు తిరుగుతున్నదని అందరికీ తెలిసేది. నేడు లైను ఎప్పుడూ కలిసియే ఉంటుంది, నిశ్శబ్దంగా ఉంటుంది. సౌకర్యం పెరిగినది, ఎరుక తగ్గినది.

కళాశాల కార్యవర్గం వారికి మా మనవి స్వల్పం. సెలవుల అనంతరం తరగతులకు ఒక రోజు ముందుగానే ల్యాబు తెరచి యంత్రాలను నవీకరించే ఏర్పాటు చేయవలెను. నవీకరణలను యంత్రాలు తమలో తాము పంచుకొనేటట్లు అమర్చవలెను. దరఖాస్తుల చివరి వారంలో శాఖల గదులలోని క్లౌడ్ ప్రోగ్రాములను పని గంటలలో ఆపి ఉంచవలెను. రూటరులో విద్యార్థుల ల్యాబుకు ప్రాధాన్యం ఇచ్చే నియమం పెట్టవలెను. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. లైను వేగం పెంచడం మంచిదే. కాని తూము ఎక్కడ తెరచి ఉన్నదో చూడకపోతే, పెద్ద కాలువ కూడ చివరి పొలానికి చేరదు.

ఆ విద్యార్థి ఫారం ఆ సాయంత్రం నాలుగు గంటలు దాటిన తరువాత పోయినది. అతని వేలిముద్ర, అతని సంతకం, అతని తండ్రి ఆదాయ పత్రం అన్నీ సవ్యంగా చేరినవి. అందరి ముందు నింద వేశాము గనుక, అందరి ముందే మా తప్పు ఒప్పుకొన్నాము. "పరవాలేదు సార్" అని అతడు తల వంచుకొని అన్నాడు. ఆ మాటతో మాకు కలిగిన సిగ్గే ఈ విషయాన్ని నేర్చుకొనేటట్లు చేసినది.

విద్యార్థి మిత్రులారా! ఇంటర్నెట్ ఆగినప్పుడు ప్రక్కవానిని చూడకండి. ముందు మీ యంత్రపు తెర వెనుకకు చూడండి. సందేహం కలగడం సహజం, కాని ఆధారం చూసిన పిమ్మటనే మాట్లాడడం విద్య. ఈ రెండవది మీకన్న ఆలస్యంగా నేర్చుకొన్నవారము మేము.